సామాను లేకుండా ఒంటికంతటికీ బలం రావాలంటే దండీలు, బస్కీలు చాలుతాయా?

పాత తాలింఖానా:
జిమ్‌కు వెళ్ళే వీలు లేక, ఇంట్లో ఇనుప సామాను పెట్టుకునే చోటు లేక, రోజుకు అరగంటకు మించి సమయం దొరకని మనిషి ఏయే వ్యాయామాలు చేయాలన్న ప్రశ్నకు నా సమాధానం రెండే: దండీలు, బస్కీలు. దండీలో ఛాతీ, భుజాలు, మోచేతి వెనుక కండరాలు పనిచేయడమే కాక, ఒళ్ళు కిందికి దిగి ముందుకు పాకి మళ్ళీ వెనక్కి వచ్చే ఆ ఊపులో వెన్ను కూడా చక్కగా సాగుతుంది. పూర్తిగా కిందికి కూర్చుని లేచే బస్కీ తొడలకూ ఊపిరికీ ఒకేసారి పని చెబుతుంది. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసి, ఛాతీ మీదికి ఏనుగును ఎక్కించుకున్న కోడి రామమూర్తి నాయుడు గారి కాలంలో వ్యాయామశాలలకు ఇవే పునాది. వీడియోల్లో చూపించే ఇరవై రకాల విన్యాసాల్లో ఏది చేయాలో తేల్చుకోలేక అసలు సాధనే మానేసినవారిని నేను చాలామందిని చూశాను. మూడోది తప్పనిసరి అనేవారు కారణం చెప్పాలి.

మేడమీద కసరత్తు:
కారణం ఉన్నదండీ. దండీలో చేతులు నేలను తోస్తాయి, బస్కీలో కాళ్ళు నేలను తోస్తాయి. దేన్నైనా మనవైపు లాక్కునే పని ఈ రెండింటిలో ఎక్కడా లేదు. వీపు పైభాగం, భుజాల వెనుక కండరాలు, ముంజేతి పట్టు ఆ పనివల్లనే బలపడతాయి. రోజంతా కంప్యూటర్ ముందు భుజాలు ముందుకు వాల్చి కూర్చునే మనిషి సాయంత్రం ఛాతీకి మాత్రమే పని చెబితే, బలహీనంగా ఉన్న వైపు బలహీనంగానే మిగిలిపోతుంది.

పాత తాలింఖానాల పేరు చెప్పి రెండింటితో సరిపెట్టడం కూడా సగం చరిత్రే. అక్కడ గోదా మట్టిని పారతో తవ్వేవారు, తాడు ఎక్కేవారు, గద తిప్పేవారు. అన్నిటికీ మించి ఎదుటివాడి మెడ మీద చేయివేసి లాగే కుస్తీ ఉండేది. గామా పహిల్వాన్ వేల బస్కీలు తీసేవాడని గొప్పగా చెప్పుకునే మనం, ఆయన తోటి పహిల్వాన్లతో కుస్తీ సాధన చేసిన సంగతిని లెక్కలోకి తీసుకోము. పహిల్వాన్ల మాట అలా ఉంచి, చేదబావిలో నీళ్ళు తోడుకున్న మామూలు ఇళ్ళలో కూడా లాగే పని రోజూ ఉండేది. కుళాయి తిప్పుకునే మనం దాన్ని వేరే వ్యాయామంగా పెట్టుకోక తప్పదు. ఆర్మీ రిక్రూట్‌మెంట్ ర్యాలీకి తయారయ్యే మన కుర్రాళ్ళను అడిగినా ఇదే చెబుతారు: అక్కడ బీమ్ అనే పుల్లప్స్ (కడ్డీకి వేలాడి ఒంటిని పైకి లాక్కోవడం) 10 తీస్తేనే పూర్తి 40 మార్కులు, 6 తీస్తే 16 మాత్రమే. ఆ నాలుగు పుల్లప్స్ లోటును ఎన్ని దండీలు తీసినా పూడ్చలేరు.

కడ్డీ లేదనేవారికి దుప్పటి చాలు. గట్టి నూలు దుప్పటి ఒక కొసన పెద్ద ముడి వేసి, ఆ ముడి తలుపుకు అవతల ఉండేలా పైనుంచి వేసి, తలుపు మూసి గడియ పెట్టాలి. మనం లాగేకొద్దీ తలుపు చట్రానికి మరింత బిగుసుకోవాలి కాబట్టి, అది అవతలివైపుకు తెరుచుకునే తలుపే అయి ఉండాలి. ఇవతలికి తెరుచుకునేదైతే గడియ ఊడి వెల్లకిలా పడతాము. దుప్పటి పట్టుకుని, మడమలు నేలకు ఆనించి, ఒళ్ళంతా కర్రలా బిగబట్టి వెనక్కి వాలి, ఛాతీ చేతుల దగ్గరకు వచ్చేదాకా లాక్కోవాలి. పాదాలు తలుపుకు దగ్గరయ్యేకొద్దీ ఒళ్ళు ఎక్కువగా వాలుతుంది, బరువు పెరుగుతుంది.

కాబట్టి నా జాబితాలో నాలుగున్నాయి: దండీ లేదా పుషప్, బస్కీ, దుప్పటితో లాగడం, వెల్లకిలా పడుకుని ఒంటికాలి మీద నడుము ఎత్తడం.

లెక్కల మాస్టారు:
జాబితా గొడవలో అసలు విషయం పక్కకు పోతున్నది. పుషప్‌లో చేతుల మీద పడేది ఒంటి బరువులో సుమారు మూడింట రెండు వంతులు. 70 కిలోల మనిషికి అది 45 కిలోల పైమాటే. మొదట్లో ఐదు తీయడమే గగనమైనవాడికి ఆ బరువు బలాన్నిస్తుంది. అదే మనిషి ఆగకుండా నలభై తీసే స్థితికి వచ్చాక, నలభైని అరవై చేసుకుంటే ముఖ్యంగా పెరిగేది ఓర్పు. బలం కావాలంటే అదే వ్యాయామాన్ని కష్టతరం చేసుకోవాలి: పాదాలు కుర్చీ మీద పెట్టాలి, లేదా నాలుగు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా దిగాలి. బస్కీలకైతే వెనుక కాలిని మంచం మీద ఆనించి, భారమంతా ముందుకాలి మీద వేయాలి. వందల బస్కీల లెక్క వినడానికి బాగుంటుంది, అంతే.

వరంగల్ ఫిజియో:
వందల లెక్కలో ప్రమాదం కూడా ఉన్నది. అలవాటు లేని మనిషి పంతానికి పోయి ఒక్కరోజే విపరీతంగా బస్కీలు తీస్తే, తొడ కండరాలు దెబ్బతిని అందులోని పదార్థం రక్తంలో కలిసి మూత్రపిండాలకు ముప్పు తెస్తుంది. తొడలు వాచి, మూత్రం ముదురు గోధుమరంగులో వస్తే నొప్పి మాత్ర వేసుకుని పడుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

రెండో మాట మోకాళ్ళ గురించి. మడమలు లేపి మునివేళ్ళ మీద పూర్తిగా దిగే సంప్రదాయ బస్కీ చెడ్డదని నేననను. కానీ మోకాలి నొప్పి ఉన్నవారు, యాభై దాటి కొత్తగా మొదలుపెట్టేవారు, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి, ఆపుకుంటూ నెమ్మదిగా కూర్చోవడంతో మొదలుపెట్టడం మేలు. నేల మీద దండీ తీయలేని అమ్మలకు వంటగట్టు అంచున చేతులు ఆనించి తీసే పుషప్ సరిగ్గా సరిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వయోజనులందరినీ వారంలో కనీసం రెండు రోజులు ముఖ్యమైన కండరాలన్నిటికీ పని చెప్పమంటున్నది. ఇందులో ‘అన్నిటికీ’ అన్న మాట ముఖ్యం, అందుకని లాగడం విషయంలో నా ఓటు మేడమీద కసరత్తు గారికే.

పాత తాలింఖానా:
కుస్తీ పట్టనివారికి దుప్పటి కావాలంటే అభ్యంతరం లేదు, మూడోదిగా కలుపుకోండి. కానీ నాలుగోదాన్ని నేను ఒప్పుకోను. బస్కీలో పిరుదులూ పనిచేస్తాయి. పడుకుని నడుము ఎత్తడం వేరే ఎందుకు? ఇలా ఒక్కొక్కటీ చేర్చుకుంటూ పోతే మళ్ళీ ఇరవై అవుతాయి.

మేడమీద కసరత్తు:
పిరుదులు పనిచేస్తాయి, నిజమే. తొడ వెనుక కండరాలకు మాత్రం బస్కీలో దక్కే పని తక్కువ. నేల మీది 25 కిలోల బియ్యం బస్తాను నడుము పట్టేయకుండా ఎత్తాలంటే పిరుదులతోపాటు అవి కూడా గట్టిగా ఉండాలి. ఇరవై అవుతాయన్న భయం అక్కరలేదు. తోయడం, లాగడం, కూర్చుని లేవడం, నడుము దగ్గర వంగి లేవడం అన్నవాటికి ఒక్కొక్కటి చొప్పున పెట్టుకుంటే నాలుగు దగ్గరే ఆగుతాము. మోచేతుల మీద ఒళ్ళు కర్రలా నిలిపి ఉంచే ప్లాంక్‌ను కూడా నేను చేర్చలేదు, పుషప్‌లో నడుము జారకుండా నిలబెట్టేటప్పుడు పొట్టకు ఆ పని ఎలాగూ పడుతుంది. అరగంటలో నాలుగూ పట్టకపోతే ఒకరోజు దండీ, దుప్పటి. మరొకరోజు బస్కీ, నడుము ఎత్తడం చేయండి.

పాత తాలింఖానా:
అలాగైతే నా రెండు రోజుల్లోనూ దండీ ఉంటుంది. తక్కినది మీ ఇష్టప్రకారమే చేసి చూస్తాను.