వ్యాన్ పక్కల నల్లచారలు, చెయ్యి పెడితే తెల్లపొడి: ఏం చేయాలి?

బరంపురం నుంచి (అడిగినవారు):
అందరికీ నమస్కారం. నిరుడు దసరా వెళ్ళాక సెకండ్ హ్యాండ్‌లో ఒక మోటార్‌హోమ్ కొన్నాం. వ్యాన్ చాసిస్ మీద ఫైబర్ డబ్బా కట్టిన బండి. పైన రెండు సోలార్ ప్యానెళ్ళు, గాలి కోసం తెరిచే ఒక మూత ఉన్నాయి. నెలకు రెండుసార్లు గోపాల్‌పూర్ బీచికి, ఎప్పుడైనా రంభ దాకా వెళ్తాం. మిగతా రోజులు ఇంటి పక్క మామిడిచెట్టు కిందే ఉంటుంది.

పైకప్పు అంచు నుంచి కిటికీల కిందికి నల్లచారలు కారుతున్నాయి. కడిగిన రెండో వారానికే మళ్ళీ ప్రత్యక్షం. ఎండ తగిలే పక్కన వేలితో రాస్తే సుద్దముక్క పట్టుకున్నట్టు తెల్లపొడి అంటుతోంది. పైన జిగురు కూడా ఉంది. సర్ఫ్ వేసి గిన్నెల పీచుతో తోమాను. ఆ పూటకి బాగుంది గానీ తర్వాత ఇంకా వెలిసిపోయినట్టు కనిపిస్తోంది. ఒక సర్వీసింగ్ షాపులో, బాత్రూం కడిగే యాసిడ్ నీళ్ళలో కలిపి కొడితే దెబ్బకి పోతుందన్నారు. చెయ్యనా? వానలు రాకముందే తేల్చుకోవాలి. మొత్తం పెయింట్ వేయించాలేమో అని ఇంట్లో ఒకటే టెన్షన్.

రాయగడ నుంచి (వాటర్ సర్వీసింగ్ షాపు):
యాసిడ్ జోలికి పోకండి సార్. అల్యూమినియం బీడింగులు, స్క్రూలు తినేస్తుంది. చారలు పోతాయి, వాటి బదులు తుప్పు చారలు వస్తాయి. సర్ఫూ వద్దు, గిన్నెల సబ్బూ వద్దు. రెండూ ఉన్న వ్యాక్స్‌ని కూడా ఊడ్చేస్తాయి. కారు షాంపూ, మెత్తటి పొడుగు బ్రష్ చాలు. పీచుతో తోమడం అయితే పూర్తిగా మానేయండి, మీకు కనిపించే వెలిసిన రంగులో సగం దాని గీతలే. ఫోమ్ వాష్ చేయించి ప్రెషర్ వాటర్ గన్‌తో కొట్టించండి, శుభ్రంగా ఉంటుంది.

గోపాల్‌పూర్ నుంచి (ఫైబర్ తెప్పల రిపేరు పని):
గన్ సంగతి తర్వాత మాట్లాడదాం. ముందు ఆ తెల్లపొడి ఏంటో చెప్తాను బాబూ. మా తెప్పలకీ ఇదే జబ్బు.

ఫైబర్ మీద పైపొరని జెల్ కోట్ అంటారు. మందం అర మిల్లీమీటరు, అటూ ఇటూ. మెరుపంతా దాన్లోనే ఉంది. ఏళ్ళ తరబడి ఎండకి దాని పైపైన కుళ్ళి పొడి అవుతుంది. అది మురికి కాదు కాబట్టి ఎంత కడిగినా పోదు. ఒక చిన్న పరీక్ష చేసుకోండి. ఒక చోట నీళ్ళు చల్లండి. తడిగా ఉన్నప్పుడు పాత రంగు తేలి, ఆరాక మళ్ళీ తెల్లబడిందంటే పొర కింద బాగానే ఉందన్నమాట, పెయింట్ ఖర్చు అక్కర్లేదు. గాజుపీచు దారాలు కంటికి కనిపిస్తే మాత్రం పొర అయిపోయినట్టే. అప్పుడు పెయింటే గతి.

బాగుంటే రబ్బింగ్ కాంపౌండ్ (పైపొరని సన్నగా అరగదీసే ముద్ద), తర్వాత పాలిష్, ఆపైన వ్యాక్స్. మరీ గట్టిగా పట్టేసిన చోట కాంపౌండ్ కన్నా ముందు 1000 నంబరు వాటర్ పేపర్ (సన్న గరుకుకాగితం) నీళ్ళతో తేలిగ్గా తిప్పాలి. ఒకేసారి పక్కంతా రుద్దకండి. ఎవరూ చూడని మూల రెండడుగుల ముక్క చేసి చూడండి. బఫింగ్ మిషన్ అయితే తక్కువ స్పీడు, ఒకే చోట ఆపకూడదు, వేడెక్కి కాలిపోతుంది. ఎండలో అసలే వద్దు. కాంపౌండ్ కొట్టిన ప్రతిసారీ ఆ అర మిల్లీమీటరులోంచి కొంత పోతుంది, అందుకని ఏటా కొట్టే పని పెట్టుకోకండి. ఒక్కసారి గట్టిగా చేసి, తర్వాత మూణ్ణెల్లకో నాలుగు నెల్లకో వ్యాక్స్ పట్టిస్తూ ఉండండి. పొడి తియ్యకుండా పైన వ్యాక్స్ రాసి మెరిపించి అమ్మేవాళ్ళూ ఉన్నారు. మీ బండి అలా వచ్చిందేమో.

జయపూర్ నుంచి:
మాది చిన్న క్యాంపర్ వ్యాన్ అండీ. ఆ జిగురు చెట్టుది కాదు, తేనెమంచు పురుగుది. మామిడి పూతలో ఉన్నప్పుడు ఆ పురుగులు రసం పీల్చి తియ్యటి జిగురు రాలుస్తాయి, దాని మీద నల్లటి బూజు పడుతుంది. మీ చారల్లో కొంత అదే, పైకప్పు మీద పట్టి మంచుకీ వానకీ కిందికి దిగుతోంది. పక్కలు మాత్రమే కడిగితే రెండు వారాల్లో మళ్ళీ వస్తాయి మరి! పైన గోరువెచ్చటి షాంపూ నీళ్ళు పోసి, ఆరకుండా పది నిమిషాలు నాననిచ్చి బ్రష్ వేయండి. పైనుంచి మొదలుపెట్టి కిందికి రండి.

మా కొరాపుట్ వైపు ఎర్రమట్టి. దాన్ని పొడిగుడ్డతో తుడిస్తే గరుకుకాగితంతో రుద్దినట్టే. ముందు నీళ్ళతో మట్టి జారిపోవాలి, ఆ తర్వాతే చెయ్యి తగలాలి. రెండు బకెట్లు పెట్టుకోండి, ఒకటి షాంపూకి, ఒకటి బ్రష్ జాడించడానికి. బోరు నీళ్ళయితే ఆరేలోపు మైక్రోఫైబర్ గుడ్డతో తుడవాలి, లేకపోతే తెల్లమచ్చలు. వస్తే వెనిగర్‌లో సమానంగా నీళ్ళు కలిపి తుడిచి, వెంటనే మంచినీళ్ళతో కడిగేయండి. వెనిగర్ వ్యాక్స్‌ని కూడా పలచబరుస్తుంది, అక్కడ మళ్ళీ రాసుకోవాలి.

మీ కిటికీలు ప్లాస్టిక్‌వి అయితే గ్లాస్ క్లీనర్, థిన్నర్, పెట్రోలు తగలనివ్వకండి. సాలెగూడులా సన్నటి పగుళ్ళు వస్తాయి, ఇక పోవు. మా వెనక కిటికీ అలాగే పోయింది, కొత్తది దొరకడానికి తల ప్రాణం తోకకొచ్చింది.

గోపాల్‌పూర్ నుంచి:
జయపూర్ అమ్మ చెప్పింది నిజం, జబ్బంతా పైనే ఉంటుంది. బరంపురం బాబూ, నిచ్చెన వేసి పైకప్పు చూశారా? మూత చుట్టూ, ప్యానెళ్ళ కాళ్ళ దగ్గర, వైర్లు లోపలికి దిగే చోట సీలెంట్ (నీళ్ళు దిగకుండా సందులు మూసే పదార్థం) చూడండి. రాయగడ అన్న గన్ అంటున్నారు కదా, అక్కడ పగులుంటే గన్ నీళ్ళని లోపలికే తోస్తుంది.

రాయగడ నుంచి:
గన్ తప్పు కాదన్నా, పట్టుకునేవాడి తప్పు. వెడల్పు నాజిల్ పెట్టి, రెండు మూడడుగుల దూరం నుంచి, పైనుంచి కిందికి కొడితే పక్కలకి ఏమీ కాదు. కిటికీ రబ్బర్లు, ఫ్రిజ్ గాలి జాలీ, స్టిక్కర్ల అంచుల మీద కొట్టకూడదు. పైకప్పు మీద వద్దంటే ఒప్పుకుంటా.

బరంపురం నుంచి (అడిగినవారు):
ఇవాళే పైన చూశాను. మూత చుట్టూ రెండు చోట్ల సీలెంట్ నెర్రెలిచ్చింది. దాని మీద పాతాయన ఎవరో తెల్ల సిలికాన్ పూసినట్టున్నారు, గోరుతో లాగితే తోలులా ఊడొచ్చింది. లోపల ఆ మూల ప్లైవుడ్ వేలితో నొక్కితే మెత్తగా ఉంది. నేను చారల గురించి అడిగితే కథ ఇక్కడికి వచ్చింది! మళ్ళీ సిలికానే వేయనా?

గోపాల్‌పూర్ నుంచి:
వద్దు. సిలికాన్ మీద ఇంకేదీ అంటదు, రేపు పెయింట్ కూడా పట్టదు. పులుపు వాసన వచ్చే రకమైతే ఇనుముని కూడా తింటుంది. ఉన్నదంతా ప్లాస్టిక్ బ్లేడుతో గీకి తీసి, అడుగు మరక లేకుండా తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి పీయూ (పాలీయురేథేన్) సీలెంట్ వేయండి. ప్లైవుడ్ తడి ఆరకుండా పైన మూసేస్తే లోపల కుళ్ళుతుంది. ఈ ఎండల్లో మూత తెరిచి నాలుగైదు రోజులు వదిలేయండి, రాత్రి మంచు పడకుండా మూయండి. మరీ పొడి రాలుతుంటే ఆ ముక్క కోసి మార్చడమే.

అయ్యాక ఒకరు లోపల టార్చి పట్టుకుని కూర్చోండి, ఒకరు పైన మామూలు పైపుతో నీళ్ళు వదలండి. కింది అంచు నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెం పైకి వెళ్ళాలి. ఒకేసారి అంతా తడిపితే ఎక్కడ కారుతోందో తెలియదు. తర్వాత జూన్‌కి ముందు ఒకసారి, సెప్టెంబరు చివర ఒకసారి పైకెక్కి చూసుకోండి. మన తీరానికి అక్టోబరు ఎలాంటిదో తెలిసిందే కదా. ఫైలిన్ తుపాను 2013లో ఇక్కడే అక్టోబరు 12న తీరం దాటింది.

పర్లాకిమిడి నుంచి:
పై సంగతి అందరూ చెప్పారు, కింద ఎవరూ చూడలేదు. బీచికి వెళ్ళొస్తే ఆ రోజే, లేదా మర్నాడు, చాసిస్ కింద మంచినీళ్ళు కొట్టాలి తమ్ముడూ. ఉప్పు గాల్లో తేమని లాక్కుంటుంది, వాన లేకపోయినా ఇనుము తడిగానే ఉంటుంది. రాయగడ అన్న గన్‌కి ఇదే సరైన చోటు. తుప్పు లేచిన చోట వైరు బ్రష్‌తో గీకి, రస్ట్ కన్వర్టర్ (మిగిలిన తుప్పుని గట్టిపొరగా మార్చే మందు), ప్రైమర్, పెయింట్.

ఇంకోటి, చెట్టు కింద జిగురు పడుతోందని నీలం టార్పాలిన్ కప్పేస్తారేమో. గాలికి కొట్టుకుని అంచులన్నీ గీరేస్తుంది, లోపల తేమ నిలబడుతుంది. నాలుగు స్తంభాల రేకుల షెడ్డు నయం. సరుగుడు తోటల దగ్గర ఆపితే పైకప్పు అంచు కాలువలో పుల్లలు తీసేయండి, అవి అడ్డుపడి నీళ్ళు నిలిస్తే చారలు అక్కడినుంచే మొదలు.

బరంపురం నుంచి (అడిగినవారు):
పదిహేను రోజులైంది. సిలికాన్ గీకడానికే రెండు పూటలు పట్టింది, చేతులు పోయాయి. ప్లైవుడ్ ఒక చెయ్యంత ముక్క కోసి మార్పించాం. పైపు పరీక్షలో మూత దగ్గర కారలేదు గానీ ప్యానెల్ వైరు దిగే చోట ఒక చుక్క కనిపించింది, అదీ మూసేశాం. పైకప్పు కడిగాక పక్కల చారలు ఇప్పటిదాకా రాలేదు. కాంపౌండ్ వెనక తలుపు దాకా అయింది, అక్కడ రంగు తేలింది. మిగతా పక్క ఎక్కువ పొడిగా ఉంది. వాటర్ పేపర్ వేయాలంటే భయంగా ఉంది గురువుగారూ, పొర పోతే?

గోపాల్‌పూర్ నుంచి:
చూడకుండా చెప్పలేను. ఆదివారం ఎలాగూ బీచికి వస్తారుగా, తెప్పలు లాగే చోటికి పొద్దున్నే తీసుకురండి. ఎనిమిది దాటితే ఫైబర్ మీద చెయ్యి పెట్టలేం.