‘పోయింటి’, ‘హ్యాడ్ గాన్’ ఒకటేనా?

మా అక్క కొడుకు వనపర్తిలో డిగ్రీ చదువుతున్నాడు. మొన్న ఇంగ్లీషులో సొంతంగా ఒక పేరా రాసి నాకు చూపించాడు. మొదటి వాక్యం ‘ఎస్టర్‌డే ఐ హ్యాడ్ గాన్ టు మహబూబ్‌నగర్’. తర్వాతది ‘ఐ హ్యాడ్ మెట్ మై ఫ్రెండ్’. ఆ తర్వాత ‘వీ హ్యాడ్ ఈటెన్ బిర్యానీ’. ఇన్ని హ్యాడ్‌లు ఎందుకురా అని అడిగితే, “నిన్న పోయింటి కద మామా, పోయింటి అంటే హ్యాడ్ గాన్ కాదా?” అన్నాడు.

వాడి మాట నన్ను రెండు రోజులు ఆలోచింపజేసింది. వాడు గుడ్డిగా రాయలేదు, మన పాలమూరు మాటను పట్టుకొని రాశాడు. ‘పోయి ఉంటి’ కలిసిపోయి ‘పోయింటి’ అయింది. చెప్పింటి, తెచ్చింటిమి, వచ్చిండె, అన్నీ ఆ వరుసే. తుంగభద్ర దాటి కర్నూలు వైపు పోయినా వినబడే మాటలే ఇవి. పుస్తకాల తెలుగులో ‘వెళ్లాను’ ఒక్కటే అన్నిచోట్లా సరిపెడుతుంది కానీ, మన నోట్లో ‘పోయిన’ వేరు, ‘పోయింటి’ వేరు. అంటే ఇంగ్లీషువాళ్ల పాస్ట్ పర్ఫెక్ట్‌కు, అదే ఈ ‘హ్యాడ్ గాన్’ లాంటి హ్యాడ్ రూపానికి, చుట్టమైన రూపం మనకు పుట్టుకతోనే ఉంది. ఇది నాకు చాలా సంతోషం కలిగించిన సంగతి.

అయితే చుట్టమే తప్ప అదే మనిషి కాదు. ‘నిన్న సంతకు పోయింటి, ఆడ మీ నాయన కలిసిండు’ అంటాం. ఇక్కడ పోయింటి పని ఏమిటి? పోవడం, రావడం అయిపోయింది, ఇప్పుడు అసలు కబురు చెప్తున్నా విను అని దారి తీయడం. మనం ఈ రోజు నిలబడి వెనక్కి చూసి కూడా పోయింటి అనొచ్చు. ఇంగ్లీషు హ్యాడ్‌కు అది చాలదు. గతంలోనే ఒక చోట నిలబడాలి, అక్కడినుంచి ఇంకా వెనక్కి చూడాలి. అందుకే పై మాట ఇంగ్లీషులో ‘ఐ వెంట్ టు ద మార్కెట్ ఎస్టర్‌డే అండ్ మెట్ యువర్ ఫాదర్’. హ్యాడ్ లేదు.

ఇక ఎక్కడో కోచింగ్‌లో ఒక సారు ‘బాగా పాత విషయమైతే హ్యాడ్ పెట్టాలి’ అని చెప్పాడట. ఇది పూర్తిగా తప్పు, పిల్లల్ని ఏళ్లతరబడి వెంటాడే తప్పు. నాగార్జునసాగర్‌ను చూడండి. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఎన్ని దశాబ్దాలు గడిచినా అది ‘నెహ్రూ లెయిడ్ ద ఫౌండేషన్ స్టోన్ ఇన్ 1955’ మాత్రమే. 1967లో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. అదీ ‘రిలీజ్డ్’ మాత్రమే. కానీ ఆ 1967లో, కాలువ గట్టు మీద నిలబడి వెనక్కి చూస్తే నెహ్రూ లేరు, 1964లోనే కన్నుమూశారు. ఇప్పుడు హ్యాడ్ కావాలి: ‘వెన్ ద కెనాల్స్ గాట్ వాటర్ ఇన్ 1967, నెహ్రూ హ్యాడ్ ఆల్రెడీ డైడ్’. పాతదా కొత్తదా అన్నది కాదు ఇక్కడ లెక్క, ఎక్కడ నిలబడి చెప్తున్నామన్నది.

మా వాడికి నేను చెప్పిన గుర్తు ఇది. జరిగింది జరిగిన వరుసలో చెప్పుకుంటూ పోతే హ్యాడ్ జోలికి పోవద్దు. చెప్తూ చెప్తూ ఒక అడుగు వెనక్కి వేస్తే అప్పుడు పెట్టు. ‘వాడు ఏడ్చుకుంట కూసున్నడు. పొద్దుగాల వాళ్ల నాయన కొట్టిండె.’ ఏడుపు ముందు చెప్పి, దెబ్బలు తర్వాత చెప్పాం. ఆ ‘కొట్టిండె’ అచ్చంగా ‘హ్యాడ్ బీటెన్’. బిఫోర్, ఆఫ్టర్ ఉన్న వాక్యాల్లో వరుస ఆ మాటల్లోనే తెలిసిపోతుంది కాబట్టి హ్యాడ్ లేకున్నా నడుస్తుంది.

మక్తల్, నారాయణపేట వాళ్లు మీ దగ్గర పోయింటి అంటారా, పోయుంటి అంటారా చెప్పండి.

— అన్నా, మాది దేవరకొండ. మా దిక్కు పోయింటి నేను పెద్దగా వినలేదు. మా పిల్లలకు వచ్చే చిక్కు వేరే. ‘నేను వచ్చేవరకు బస్సు పోయింది’ని ‘అంటిల్ ఐ కేమ్, ద బస్ వెంట్’ అని రాస్తున్నరు. ఎట్ల సరిచేయాలె?

— మంచి మాట అడిగావు తమ్ముడూ. మన ‘వచ్చేవరకు’కు రెండు పనులు. ‘నేను వచ్చేవరకు ఈడనే ఉండు’ అంటే అంటిల్. బస్సు సంగతిలో మాత్రం అది ‘వచ్చేసరికి’, అంటే ‘బై ద టైమ్’. కాబట్టి ‘బై ద టైమ్ ఐ కేమ్, ద బస్ హ్యాడ్ లెఫ్ట్’. ‘వెన్ ఐ కేమ్, ద బస్ లెఫ్ట్’ అని రాస్తే నువ్వు వచ్చాకే బస్సు కదిలిందని అర్థం. పిల్లల్ని ఒకటే అడుగు: నువ్వు బస్టాండుకు వచ్చినప్పుడు బస్సు కనబడ్డదా? కనబడలేదంటే హ్యాడ్.

మా వాడు పేరా మళ్లీ రాశాడు. ‘ఐ వెంట్’, ‘ఐ మెట్’, ‘వీ ఏట్ బిర్యానీ’. చివర కొత్తగా ఒక వాక్యం చేర్చాడు: ‘హిజ్ మదర్ హ్యాడ్ కుక్డ్ ఇట్ ఇన్ ద మార్నింగ్’.