జింక మాంసం వండాలి, రెండు చేతులతో పియానో వాయించాలి: రెండూ మొండికేస్తున్నాయి

ఎడమచెయ్యి_వినదు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. పియానో నేర్చుకునేవాళ్ల మధ్యలో ఈ వంట గోలేమిటని తిట్టుకోకండి, ఇక్కడ సగం మంది స్టవ్ మీద ఏదో ఒకటి పెట్టి ప్రాక్టీసుకు కూర్చునేవాళ్లేనని నాకు తెలుసు. లైసెన్సు తీసుకుని వేటకెళ్లే మిత్రుడొకడు జింక మాంసం ఇచ్చాడు. గడ్డకట్టిన పొట్లాలు రెండు, ఒకదాని మీద "వీపు" అని, ఇంకోదాని మీద "ముంగాళ్లు" అని రాసి ఉంది. నేను ఇంతవరకు వేట మాంసం ముట్టుకోలేదు. ఒకాయన వీడియోలో పది నిమిషాల్లో దించేయమంటాడు, ఇంకొకావిడ మూడు గంటలు ఉడకాల్సిందే అంటుంది, ఇద్దరూ ఒట్టేసి మరీ చెప్తున్నారు. నీచు వాసన పోవాలంటే రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టాలట, నిజమేనా?

రెండో సంగతి. శనివారం వీడియో కాల్‌లో మీ అందరికీ వాయించి వినిపిస్తానని మాటిచ్చాను కదా. పదహారు బార్ల (స్వరాల కాగితం మీద నిలువు గీతల మధ్య గళ్లు) చిన్న ముక్క. కుడి చేత్తో విడిగా బాగా వస్తోంది, ఎడమ చేత్తో విడిగా ఫరవాలేదు, రెండూ కలిపితే మాత్రం ఎడమ చెయ్యి కుడి చెయ్యి ఏం చేస్తే అదే చేస్తానంటోంది. ప్రతిసారీ ఏడో బార్ దగ్గర ఆగిపోవడం, మళ్లీ మొదటికి రావడం. అదే రోజు భోజనానికి ఇద్దరు వస్తున్నారు. టెన్షన్‌గా ఉంది, ఏదో ఒకటి చెప్పండి.

సన్నసెగ:

మాంసం సంగతి నేను చెప్తాను, పియానో సంగతి ఎవరైనా చూసుకోండి.

ఆ ఇద్దరూ నిజమే చెప్తున్నారండీ. కాకపోతే ఒకరు మీ మొదటి పొట్లం గురించి చెప్తున్నారు, ఇంకొకరు రెండోదాని గురించి. వీపు కండ జంతువు బతికినన్నాళ్లూ పెద్దగా కష్టపడదు కాబట్టి లేతగా ఉంటుంది. ముంగాళ్లు రోజంతా నడిచినవి, పరిగెత్తినవి, వాటి నిండా నరాలూ పొరలే. ఈ రెండింటినీ ఒకే గిన్నెలో వేశారంటే ఒకటి చెప్పుతోలు అయ్యేసరికి ఇంకోటి ఇంకా నమలడానికి రాదు. అందుకని రెంటికీ ఒకే పద్ధతి వెతకడం మానేయండి.

ముందు వీపు. ఫ్రిజ్‌లో కింది అరలో పళ్లెంలో పెట్టి ఒక రోజంతా మెల్లగా కరగనివ్వండి, బయట పెట్టొద్దు. తర్వాత చూస్తే కండ మీద తెల్లగా, వెండి కాగితంలా మెరిసే పొర ఒకటి ఉంటుంది. అది ఎంతసేపు వండినా కరగదు, పైగా వేడి తగలగానే ముడుచుకుని ముక్కనంతా వంకర చేస్తుంది. సన్నటి కత్తి మొనను పొర కిందికి దూర్చి, అంచును కండ వైపు కాకుండా కాస్త పైకి, పొర వైపు తిప్పి, పొర చివరను ఇంకో చేత్తో లాగి పట్టుకుని కొయ్యండి, పట్టీలా ఊడి వస్తుంది. తెల్లటి కొవ్వు ఏమైనా కనిపిస్తే అది కూడా తీసేయండి. జింక కొవ్వు చల్లారితే మైనంలా గట్టిపడి అంగిలికి అంటుకుంటుంది, మీరు భయపడే వాసన కూడా చాలావరకు అందులోదే.

తడి లేకుండా బాగా తుడిచి, ఉప్పు రాసి, దళసరి పెనం పొగ వచ్చేంత వేడెక్కాక కొంచెం నూనె వేసి నాలుగు పక్కలా ఎర్రగా కాల్చండి. చివర్లో మంట తగ్గించి కాస్త వెన్న, దంచిన మిరియాలు వేస్తే చాలు. ఈ మాంసంలో సొంత కొవ్వు దాదాపు ఉండదు, అందుకే నిమిషం ఆలస్యమైనా ఎండిపోతుంది. లోపలి వేడి కొలిచే థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి, మిగతా సలహాలన్నీ దాని తర్వాతే. ఆహార భద్రత వాళ్లు ముక్క మాంసానికి 63 డిగ్రీలు, ఆపైన మూడు నిమిషాలు ఆగడం అంటారు. దించాక కూడా లోపల వేడి ఇంకో మూడు నాలుగు డిగ్రీలు పెరుగుతుంది కాబట్టి 60 దగ్గర దించి, మూతలా ఏదైనా కప్పి, 63 చేరిందని మళ్లీ గుచ్చి చూసుకోండి. 65 దాటిన కొద్దీ కండ తనలోని నీటిని తానే పిండుకుని బయటికి పోసేస్తుంది, ఆ తర్వాత ఏ గ్రేవీ పోసినా తిరిగిరాదు. పచ్చిగా గులాబీ రంగులో తినే రెస్టారెంట్ పద్ధతి వేరే ఉంది, అది మీ అతిథులను అడిగి చేయండి. కోసేటప్పుడు పీచుకు అడ్డంగా, పలచగా.

ఇక ముంగాళ్లు. వీటికి థర్మామీటర్ అక్కర్లేదు, ఓపిక కావాలి. అందులోని జిగురు పదార్థం 70 డిగ్రీలు దాటాక మెల్లమెల్లగా కరిగి పులుసును చిక్కగా చేస్తుంది, అదే ఆ ముక్క రుచంతా. ముందు ముక్కలను ఎర్రగా వేయించి తీసేసి, అదే గిన్నెలో ఉల్లిపాయలు, క్యారెట్ వేయించి, ముక్కలు సగం మునిగేలా నీళ్లు పోసి, మూత పెట్టి, బుడగ ఎప్పుడో ఒకటి పైకొచ్చేంత సన్నసెగ మీద వదిలేయండి. రెండున్నర గంటలకు ఒకసారి ఫోర్కుతో గుచ్చి చూడండి. దిగి, తిప్పితే విడిపోతే అయినట్టు. దిగినా లోపల పట్టుకుంటే ఇంకో అరగంట. కుక్కర్‌లో గంటలోపే అవుతుంది గానీ ఆ చిక్కదనం అంత బాగా రాదని నా అభిప్రాయం, గొడవకు రాకండి.

వెనిగర్ నానబెట్టడం వద్దు. పులుపు పైన కొన్ని మిల్లీమీటర్లకు మించి లోపలికి పోదు, రాత్రంతా ఉంచితే పై పొర పిండిలా అయిపోతుంది. ఉప్పు ఒక్కటే లోపలిదాకా వెళ్లేది, ముందురోజే రాసి పెట్టుకోండి.

మెట్రోనోమ్‌తో_పగ:

పియానో నాకొదిలేశారు కదా, సరే.

మీ ఎడమ చెయ్యి కుడి చేతిని అనుకరించడం మీ ఒక్కరి జబ్బు కాదు, అందరి చేతులూ అంతే, అద్దంలో బొమ్మలా కదలడం వాటికి సులువు. కావాలంటే ఇప్పుడే చూడండి. రెండు బొటనవేళ్లూ మధ్య సి (పియానో నడిమి సి స్వరం) మీద పెట్టి, కుడి చెయ్యి పైకి, ఎడమ చెయ్యి కిందికి సి మేజర్ స్కేల్ వాయించండి. రెండు చేతుల్లోనూ ఒకేసారి అవే వేళ్లు పడతాయి (బొటనవేలు 1, చిటికెన వేలు 5): 1-2-3-1-2-3-4-5. దాదాపు కష్టం లేకుండా వచ్చేస్తుంది. ఇప్పుడు రెండు చేతులూ ఒకే దిక్కుకు పైకి వెళ్లనివ్వండి. కుడి చెయ్యి అదే వరస, ఎడమ చెయ్యి మాత్రం 5-4-3-2-1-3-2-1, బొటనవేలు తిరిగే చోటు రెండింటికీ వేరు. అక్కడే తడబడతారు.

మీరు చేస్తున్న పనిలో నాకు కనిపిస్తున్న చిక్కు ఏమిటంటే, మొదటి ఆరు బార్లు రోజుకు ముప్పైసార్లు వాయిస్తున్నారు, ఏడో బార్ తప్పుగా ముప్పైసార్లు వాయిస్తున్నారు. మొదటి ఆరింటినీ మూసిపెట్టండి. ఏడో బార్ ఒక్కటే తెరవండి, అందులో కూడా ఏ బీట్ దగ్గర చెయ్యి ఆగుతోందో చూసి ఆ రెండు బీట్లు మాత్రమే తీసుకోండి. వాయించకుండా ముందు నోటితో చదవండి. ఒక్కో స్వరానికి ఎవరు కదలాలో చెప్పండి: "రెండూ, కుడి, రెండూ, ఎడమ, కుడి, రెండూ". అలా పైకి అంటూ తొడల మీద చేతులతో తట్టండి. తట్టడం వచ్చాక పియానో మెట్ల (కీల) మీద, మెట్రోనోమ్ (తాళం కొట్టే పరికరం) 40లో, అంటే నిమిషానికి 40 బీట్లు. తప్పు లేకుండా రానంత స్పీడు మీది కాదు. తర్వాత ఆ రెండు బీట్లకు పక్క బీట్‌లోని మొదటి స్వరం కలిపి, అక్కడ ఆగండి. అలా ప్రతి ముక్క చివరన ఒక స్వరం అదనంగా వాయిస్తూ పోతే అతుకులు కనబడవు. ఆరో బార్ చివరి బీట్ నుంచి ఏడోదానిలోకి దిగడం కూడా విడిగా చేయండి, చాలామంది ఆగేది బార్‌లో కాదు, బార్‌లోకి వచ్చేటప్పుడు.

ఇంకోటి, కాగితం మీద వేళ్ల నంబర్లు పెన్సిల్‌తో రాశారా? ఒకసారి మూడో వేలు, ఒకసారి నాలుగో వేలు వాడుతుంటే చేతికి ఏది గుర్తుపెట్టుకోవాలో తెలియదు పాపం.

ఎడమచెయ్యి_వినదు:

రాయలేదు. ఇప్పుడే చూసుకుంటే ఏడో బార్‌లో నిజంగానే ఒక్కోసారి ఒక్కో వేలు పెడుతున్నాను. నోటితో చెప్పడం తమాషాగా ఉంది, మా ఇంట్లో వాళ్లు వింతగా చూస్తున్నారు.

సన్నసెగ గారూ, మజ్జిగలో నానబెట్టడం కూడా వద్దా? ఇంకా మాంసంలో ఒకచోట నల్లగా రక్తం గడ్డకట్టినట్టు ఉంది, అది కడిగితే పోతుందా? పియానో వాళ్లకు ఇంకో ప్రశ్న, నాలుగో వేలు అసలు లేవడం లేదు, దానికి ప్రత్యేకంగా వ్యాయామం చేయాలా?

తుపాకీ_వద్దు_గరిటె_చాలు:

నల్లటి మచ్చ గురించి నేను చెప్తాను, మా ఇంట్లో వేటకెళ్లేవాళ్లున్నారు. కడగొద్దు, కోసి పారేయండి, చుట్టూ అంగుళాల మేర ఉదారంగా. అది గుండు తగిలిన చోటు అయ్యుంటుంది. సీసపు గుండు ఎముకకు తగిలితే పగిలి కంటికి కనబడని ముక్కలుగా చుట్టూ చెదిరిపోతుంది. ఏ గుండు వాడాడో మీ మిత్రుణ్ణి అడగండి, రాగి గుండు అయితే ఈ బెంగ ఉండదు. సీసం అయితే చిన్నపిల్లలకు, కడుపుతో ఉన్నవాళ్లకు ఈ మాంసం పెట్టకపోవడమే మంచిది. మొహమాటపడి అడక్కుండా ఉండొద్దు.

అడిగేటప్పుడు ఇదీ అడగండి: ఆ ప్రాంతపు జింకల్లో సీడబ్ల్యూడీ అనే క్షీణత జబ్బు ఉందా, ఉంటే ఈ జంతువుకు పరీక్ష చేయించాడా అని. మనుషులకు అంటినట్టు ఇంతవరకు రుజువు కాలేదు గానీ, ఆ జబ్బుకు కారణమైన ప్రియాన్లు (ఆకారం చెడిన ప్రొటీన్లు) వండినా నశించవు, అందుకే పాజిటివ్ వచ్చిన జంతువును తినొద్దనే చెప్తారు.

రేపు ఇదే మిత్రుడు అడవి పంది మాంసం ఇస్తే మాత్రం పైన చెప్పిన 63 లెక్క దానికి వాడకండి. అందులో ట్రైకినెల్లా పురుగు ఉండొచ్చు, లోపల 71 డిగ్రీలు రావాల్సిందే. ఫ్రీజర్‌లో పెట్టాం కదా చచ్చిపోతుందిలే అనుకోవడానికీ లేదు, అడవి జంతువుల్లో ఉండే కొన్ని రకాలు గడ్డకట్టినా బతికే ఉంటాయి. ఏ జంతువుదైనా కీమాకు 71, అడవి బాతులాంటి పక్షులకు 74.

సన్నసెగ:

మజ్జిగ వెనిగర్ అంత మొరటు కాదు, కావాలంటే కొన్ని గంటలు ఉంచి తుడిచేయండి, నష్టం లేదు. కానీ ఒక మాట, కొట్టిన వెంటనే కడుపు శుభ్రం చేసి చల్లబరచకపోతే వచ్చే కంపు ఏ మజ్జిగకూ లొంగదు. కవర్ విప్పగానే ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి. ఇనుము వాసనలా, పచ్చి ఆకులా ఉంటే అది దాని సహజ వాసన. పులిసినట్టు ఉంటే స్నేహానికి పోయి వండకండి.

నల్లమెట్టు:

ఆలస్యంగా వచ్చాను. నాలుగో వేలు గురించి మెట్రోనోమ్ అన్నయ్య ఏమంటాడో గానీ, వేలు పైకెత్తే వ్యాయామాల పేరుతో దాన్ని హింసించొద్దు. చేతి వెనక వేళ్లను లేపే స్నాయువుల మధ్య అడ్డు బంధాలుంటాయి, అందుకే పక్క వేళ్లను కిందికి నొక్కిపెట్టి ఉంగరం వేలు ఒక్కదాన్నీ లేపమంటే ఎవరికీ ఎక్కువ లేవదు. దాన్ని ఎత్తి కొట్టాల్సిన పని లేదు, మెట్టు మీదే ఉంచి మణికట్టును ఆ వేలి వైపు కాస్త జరిపితే చేతి బరువే మెట్టును దించుతుంది. ముంజేయి నొప్పిపుడితే ఆ రోజుకు మూసేయండి, ఓర్చుకుంటే బలం వస్తుందనేది ఇక్కడ పనిచేయదు.

మెట్రోనోమ్‌తో_పగ:

వ్యాయామాలు పూర్తిగా దండగ అని నేను ఒప్పుకోను, మనం ఇదివరకే కొట్టుకున్నాం దీని మీద. కానీ శనివారం లోపల ఐతే నల్లమెట్టు మాటే వినండి.

నల్లమెట్టు:

శనివారం ప్లాన్ ఇలా పెట్టుకోండి. ముంగాళ్లు శుక్రవారమే వండేయండి, గిన్నెతో ఎక్కువసేపు బయట ఉంచకుండా వెడల్పు పాత్రలోకి మార్చి ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికి రుచి ఇంకా బాగుంటుంది, పైన తేలిన కొవ్వు గట్టిపడి గరిటెతో తీసేయడమూ తేలిక. అది ఉడికే మూడు గంటలూ ఒకటే కూర్చోకుండా ఓ పావుగంట ఏడో బార్, లేచి గిన్నె చూడటం, మళ్లీ పావుగంట. విడతలుగా చేసిందే బాగా నిలుస్తుంది, నిద్రపోయి లేచాక ఇంకాస్త కుదురుకుంటుంది కూడా. డిజిటల్ పియానోకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే వంటింట్లో టైమర్ మోగినా వినబడదు, ఫోన్ వైబ్రేషన్‌లో పెట్టి జేబులో వేసుకోండి. పచ్చి మాంసం ముట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కుని, ఆరాకే మెట్ల మీద పెట్టండి. వీపు ముక్క మాత్రం అతిథులు వచ్చాక, వాయించడం అయిపోయాక కాల్చండి. పెనం మీద మాంసం పెట్టి వాయించడానికి కూర్చుంటే రెండూ పోతాయి.

ఎడమచెయ్యి_వినదు:

మిత్రుడికి ఫోన్ చేశాను, రాగి గుండేనట, వాళ్ల ప్రాంతంలో ఆ జబ్బు ఉందట గానీ పరీక్షలో నెగెటివ్ వచ్చిన కాగితం తన దగ్గరే ఉందన్నాడు. అడిగినందుకు ఏమీ అనుకోలేదు, పైగా సంతోషించాడు. మచ్చ ఉన్న చోటు కోసేస్తాను, థర్మామీటర్ ఆర్డర్ పెట్టాను. ఏడో బార్‌లోకి దిగేచోట ఎడమ చేతి నాలుగో వేలు రాసుకున్నాను, 40 స్పీడులో ఆగకుండా వస్తోంది. 50కి పెంచితే మళ్లీ మొదటికొచ్చింది. శనివారం 40లోనే వాయిస్తే వింటారా?

మెట్రోనోమ్‌తో_పగ:

వింటాం. ఆగితే మాత్రం ఆగిన చోటు నుంచే అందుకోండి, మొదటికి వెళ్లారో కాల్ కట్ చేసేస్తాను.