పుస్తకంలోంచి బయటికొచ్చిన పులిని వెనక్కి పంపాలా, వద్దా?

సత్యనారాయణపురం అక్క:

మా వీధి పిల్లలు సంక్రాంతి సెలవుల్లో ఆడటానికి ఒక నాటిక రాసుకుంటున్నారు. బెజవాడ ఏలూరు రోడ్డు మీద ఒక పాత పుస్తకాల షాపు ఉంటుంది. రాత్రి షట్టర్ దించగానే పుస్తకాల్లో ఉన్నవాళ్లు ఒక్కొక్కరే బయటికొస్తారు. చిన్నయసూరి నీతిచంద్రికలోంచి బంగారు కంకణం పట్టుకుని ముసలి పులి వస్తుంది, విక్రమార్కుడి కథల్లోంచి బేతాళుడు వస్తాడు, కళాపూర్ణోదయంలోంచి చిలుక వస్తుంది. చిలుకను పెట్టమన్నది నేనే. బ్రహ్మ సరస్వతికి ఏకాంతంలో చెప్పిన కథను ఆ చిలుక వింటుంది, ఆ తర్వాత ఆ కథలోనే తనూ ఒక పాత్రగా పుడుతుంది. పింగళి సూరన 16వ శతాబ్దంలోనే ఇంత పని చేశాడని పిల్లలకు తెలియాలని నా ఆశ.

ఆఖరి సీనులో షాపు తాత అందర్నీ పుస్తకాల్లోకి పంపేసి తాళం వేసుకుని ఇంటికెళ్తాడు. అక్కడే గొడవ మొదలైంది. ఆరో తరగతి పిల్లాడొకడు "పులిని లోపలికి పంపితే బాటసారిని తినేస్తుంది కదా ఆంటీ, బయటే ఉంచితే వాడు బతుకుతాడు కదా" అన్నాడు. పిల్లలు రెండు జట్లయిపోయారు.

కథ గుర్తులేనివారికి: ముసలి పులి కంకణం చూపించి దానం చేస్తానంటుంది. బాటసారి ఆశపడి, ముందు స్నానం చేసి రమ్మంటే నీళ్లలోకి దిగి, బురదలో కూరుకుపోతాడు. పులి తాపీగా వచ్చి చంపేస్తుంది.

ఎవర్నీ బలవంతంగా వెనక్కి నెట్టకూడదని నా పక్షం. మీరేమంటారు?

లెనిన్ సెంటర్ పాత పుస్తకాలు:

పంపాల్సిందే అక్కా. నేను ఈ వ్యాపారంలో ఉన్నవాణ్ని, షాపు తాత తరఫున మాట్లాడతాను. పాత పుస్తకం చేతికి రాగానే మేం ముందు వీపు చూస్తాం, కుట్టు వదిలిందా లేదా అని. తర్వాత పేజీల నంబర్లు తిరగేస్తాం. పదహారు పేజీల ఫారం ఒకటి ఊడిపోయిందంటే ఆ పుస్తకాన్ని తెలిసి తెలిసి ఎవరికీ అంటగట్టం. పులి లేని పులికథ కూడా అంతే. డబ్బులిచ్చి కొనుక్కెళ్లినవాడు ఇంటికెళ్లి తెరిస్తే చెరువు గట్టున ఎవరూ ఉండరు. కొన్నవాడికి అన్యాయం చేసి పులికి న్యాయం చేస్తామంటే ఎలా?

ఇంకో సంగతి. పిల్లలు దీని గురించి ఆలోచించారా? నా దగ్గర ఒకే పుస్తకం ప్రతులు అయిదారు ఉంటాయి. బయటికొచ్చిన పులి ఒక ప్రతిలోదా, అన్నిటిలోదా? ఒక్కో ప్రతిలోంచి ఒక్కో పులి వస్తే మా షాపులో నిలబడటానికి చోటుండదు. ఇది తేల్చకుండా నాటిక ముందుకు నడవదు.

బ్రాడీపేట మాస్టారు, గుంటూరు:

పిల్లాడి ప్రశ్న మెచ్చుకోదగ్గదే. కానీ పులి కథను విడిగా తీసి చూస్తున్నారు మీరు. చిన్నయసూరి 1853లో అచ్చు వేయించిన పుస్తకంలో ఆ కథ మిత్రలాభం అనే భాగంలో వస్తుంది. ఎవరు చెబుతారు? పావురాల రాజు చిత్రగ్రీవుడు. అడవిలో నేల మీద నూకలు కనిపిస్తాయి, పావురాలు దిగుదామని ఉబలాటపడతాయి. మనుషులు తిరగని అడవిలో నూకలెందుకుంటాయి, ఆగండి అని చెప్పడానికి ఆయన పులి కథ ఎత్తుకుంటాడు. పులి వెళ్లిపోతే బాటసారి ఒక్కడే బతకడు, చిత్రగ్రీవుడి నోట్లో మాటే పోతుంది. కథలో కథ ఉన్న పుస్తకాల తీరే అది. లోపలి అంతస్తులో ఒక ఇటుక లాగితే పై అంతస్తు కదులుతుంది.

అందుకని పంపాలి. పులి మీద కోపంతో చెప్పడం లేదు, పావురాల మీద దయతో చెబుతున్నాను.

ఇంటర్ కుర్రాడు, పటమట:

డ్రాగన్ ఒకటి పెట్టండి అక్కా. ఇప్పటి పిల్లలు చదివేవి అవే కదా. షాపులో ఇంగ్లీషు పుస్తకాలు కూడా ఉంటాయి.

సత్యనారాయణపురం అక్క:

పెడదాం తమ్ముడూ. అదెక్కణ్నుంచి వచ్చినా దానికీ ఇదే ప్రశ్న.

సింగ్‌నగర్ అమ్మ:

నేను ఇలాంటి చర్చల్లో ఎక్కువగా రాయను. ఇది చదివాక ఉండలేకపోయాను.

2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు మా ఇంట్లోకి వచ్చాయి. నీళ్లు తీసేశాక మా పాప పుస్తకాల అర చూస్తే అన్నీ ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. ఎండబెట్టాను. విడదీద్దామని ఒక మూల పట్టుకుని లాగితే కాగితం పొరలు పొరలుగా వచ్చింది. ఒక పేజీలోని బొమ్మ రంగంతా ఎదుటి పేజీ అక్షరాల మీదికి దిగింది. బురద వాసన పోలేదు, చివరికి పారేశాం. పాప అప్పుడు అడిగింది: "అమ్మా, లోపల ఉన్న కుందేలు ఎటు వెళ్లింది?"

మాస్టారూ, మీరు పంపాలి అంటున్నారు. పంపడానికి ఇల్లు ఉండాలి కదా. పుస్తకమే పోయినప్పుడు బయటికొచ్చినవాళ్లను ఎక్కడికి పంపుతారు? మీ నాటికలో అలాంటి ప్రాణి ఒక్కటైనా ఉండాలని నా కోరిక. దాన్ని ఎవరూ వెళ్లిపొమ్మనకూడదు.

సత్యనారాయణపురం అక్క:

అమ్మా, మీ మాట రాత్రంతా నా మనసులోనే ఉంది. మీ పాప ప్రశ్నకు నా దగ్గర ఒక పాత కథ ఉంది.

గుణాఢ్యుడు పైశాచీ భాషలో ఏడు లక్షల శ్లోకాల బృహత్కథ రాశాడని, శాతవాహన రాజు దాన్ని తిరస్కరించాడని చెబుతారు కదా. ఆయన అడవిలో మంట వేసుకుని, ఒక్కో పత్రం చదివి వినిపించి అందులో వేసేవాడు. వినడానికి కూర్చున్నవి జంతువులూ పక్షులూ. మేత మానేసి, కళ్లనీళ్లు పెట్టుకుని విన్నాయట. రాజుగారి వంటింటికి వచ్చే మాంసం ఎండిపోయి ఉండటంతో ఆరా తీస్తే సంగతి బయటపడింది. రాజు పరుగెత్తుకొచ్చేసరికి ఆరు లక్షల శ్లోకాలు కాలిపోయాయి. మిగిలింది ఒక లక్ష.

ఆ ఆరు లక్షల్లో ఎన్ని పులులు, ఎన్ని చిలుకలు ఉండి ఉంటాయో! వాటికి తిరిగి వెళ్లే పుస్తకం లేదు. కానీ విన్న జంతువులు ఉన్నాయి. కుందేలును చూసిన పాప ఉంది. పాప చెబుతున్నంత కాలం కుందేలు పాప దగ్గరే ఉంటుంది. నాటికలో తాత ఆ కుందేలును తన పక్కన స్టూలు మీద కూర్చోబెడతాడు, దానికి పుస్తకం అడగడు. ఇది నేను పిల్లలతో గట్టిగా చెబుతాను.

ఇక మిగిలినవాళ్ల సంగతి. మాస్టారూ, బేతాళుణ్ని చూడండి. రాజు నోరు విప్పగానే చెట్టెక్కేస్తాడు. ఎవరూ తోయరు, తాళం వేయరు. తనంతట తానే వెళ్తాడు, రాజు మళ్లీ వస్తాడు. చివరి కథకు రాజు దగ్గర జవాబు లేక మౌనంగా నడిస్తే, శవాన్ని తెమ్మని రాజును పంపిన భిక్షువు పన్నిన కుట్ర చెప్పి రాజు ప్రాణం కాపాడేదీ ఆ బేతాళుడే. కట్టేసి మోసుకెళ్తే ఆ మాట చెప్పేవాడా? తనంతట తాను తిరిగి వెళ్లే ప్రాణికీ మనం నెట్టేసిన ప్రాణికీ ఉన్న తేడా పిల్లలకు తెలుస్తుంది. పెద్దలు అన్నీ ఎక్కడివక్కడ సర్దేసి "అయిపోయింది, పడుకోండి" అంటే వాళ్లు నమ్మరు. నమ్మకూడదు కూడా.

అందుకని తాత షట్టర్ పైకెత్తి, ఒక్కో పుస్తకాన్నీ దాని పేజీ దగ్గర తెరిచి బల్ల మీద పెడతాడు. వెళ్లేవాళ్లు వెళ్తారు. బాటసారి ఆ పేజీలో ఇంకా మోకాళ్ల లోతు బురదలో ఉన్నాడు. పులి వెళ్లకముందే పిల్లలు వాణ్ని చెయ్యి పట్టి బయటికి లాగుతారు.

లెనిన్ సెంటర్ పాత పుస్తకాలు:

కుందేలు సంగతి ఒప్పుకుంటున్నానమ్మా. వరదలో పోయిన పుస్తకాల గురించి నాకు వేరే చెప్పక్కర్లేదు. బాటసారిని లాగడానికి మాత్రం నేను ఒక్క ప్రతిలోనే ఒప్పుకుంటాను. అదీ అమ్మకానికి లేని ప్రతి అయి ఉండాలి. తాత సొంతానికి దాచుకున్నది అనండి. మిగతా ప్రతుల్లో కథ చిన్నయసూరి రాసినట్టే ఉండాలి. కొన్నవాడు మోసపోకూడదు.

సత్యనారాయణపురం అక్క:

సరే. తాత సొంత ప్రతి. చిన్నప్పుడు ఆయన పేరు రాసుకున్న ప్రతి.

బ్రాడీపేట మాస్టారు, గుంటూరు:

నేను మాత్రం ఒప్పుకోను. బాటసారి బతికిన కథ చెబితే ఏ పావురం ఆగుతుంది?

సింగ్‌నగర్ అమ్మ:

చచ్చిన కథ చెప్పినా ఆగలేదు కదా మాస్టారూ. మొత్తం దిగి వలలో పడ్డాయి. మా అమ్మాయి పాఠంలో ఉంది.

బ్రాడీపేట మాస్టారు, గుంటూరు:

నిజమే. భయం వాటిని ఆపలేదు. అన్నీ ఒక్కసారిగా లేచి వలతో సహా ఎగిరాయి, హిరణ్యకుడనే ఎలుక పళ్లతో తాళ్లు కొరికాడు, అలా బతికాయి. కానీ ఆ రాజు ముందుగా హెచ్చరించాడన్నది పోకూడదు, అది ఆయన గౌరవం. ఒక పని చేయండి. బాటసారిని లాగేముందు ఆ పులి కథను మూలంలోని వచనంలోనే, ఒక్క మాట మార్చకుండా, చిత్రగ్రీవుడి వేషం వేసిన పిల్లాడి చేత స్టేజీ మీద చదివించండి. చూసేవాళ్లు ముందు దాన్ని పూర్తిగా వినాలి. ఆ తర్వాత మీ పిల్లలు ఎవర్ని లాగినా నేను అడ్డుపడను. గ్రాంథికం పలకడానికి కష్టపడతారు, ఆదివారం గుంటూరు నుంచి వచ్చి నేనే నేర్పిస్తాను.