బాణామతిలో బాణం లేదు, ‘చేసిండు’ ఉంది

చేతబడిని మా తెలంగాణలో పిలిచే ‘బాణామతి’ అనే మాట బాణం నుంచి వచ్చిందా, శత్రువు మీదికి విడిచేది కాబట్టి ఆ పేరు పెట్టారా అని నిన్న ఇక్కడ ఒక సోదరి అడిగారు. బాణం ఆ మాటకు తరువాత అతుక్కున్నదే తప్ప మూలం కాదని నా అభిప్రాయం. మరాఠీలోనూ ఉత్తర కన్నడ సీమలోనూ ఇదే మాట ‘భానామతి’గా ఉంది, హిందీవారి ‘భానుమతీ కా పిటారా’లోనూ, గారడీని బెంగాలీలు పిలిచే ‘భానుమతీర్ ఖేల్’లోనూ కనిపించే భానుమతి జానపద కథలలో ఇంద్రజాలం ఎరిగిన స్త్రీ. మన నోట ఒత్తి పలికే మహాప్రాణం నిలవదు కనుక భ కాస్తా బ అయింది, ఆపైన తెలిసిన బాణం వచ్చి చేరింది. 1956 నవంబరు 1 వరకు మరాఠ్వాడా, గుల్బర్గా, బీదరు, రాయచూరు, పాలమూరు, నల్లగొండ అన్నీ ఒకే హైదరాబాదు రాష్ట్రంలో ఉన్నాయి. ఆ జిల్లాలలో ఈ మాట నేటికీ వినబడడానికి కారణం అదేననిపిస్తుంది. ఉత్తరాంధ్ర వైపు వెళితే ఇదే భయానికి ‘చిల్లంగి’ అనే వేరే పేరు ఉంది.

అయితే పేరు కన్నా దాని వెంట వచ్చే క్రియ మీదనే నాకు ఎక్కువ పట్టింపు. మా దేవరకొండ దిక్కున గాలి సోకుతుంది, దయ్యం పడుతుంది, దిష్టి తగులుతుంది. ఈ మూడింటిలో కర్త మనిషి కాదు. ఎండుమిరపకాయలూ ఉప్పూ తిప్పి పొయ్యిలో వేస్తే దిష్టి కథ ఆ ఇంటిలోనే ముగుస్తుంది, ఎవరి గడపా తొక్కవలసిన పని ఉండదు. బాణామతి మాత్రం సోకదు, తగలదు. దానిని ఎవరో ‘చేసిండు’. ఆ క్రియ పలకగానే వాక్యం ఒక కర్తను అడుగుతుంది, వాడకట్టంతా కూర్చుని ఆ ఖాళీలో ఒక పేరు పెడుతుంది. ఆ పేరు సాధారణంగా ఒంటరి ముసలివాళ్లదో, భూమి తగాదాలో ఎదుటి పక్షానిదో అవుతుంది.

ఇది మన ఒక్కరి భాషలోని సంగతి కాదు. ‘చేతబడి’లోని చేతను చాలామంది చెయ్యి అనుకుంటారు, నేను దానిని కోయు, మేయు ధాతువుల నుంచి కోత, మేత పుట్టినట్టే చేయు నుంచి పుట్టిన చేతగా చదువుతాను. అలా చదవడానికి చుట్టుపక్కల భాషలే సాక్ష్యం. తమిళులు దీనిని ‘సెయ్‌వినై’ అంటారు, అంటే చేసిన పని. కన్నడంలో చేయు అనే అర్థం గల మాడు నుంచి చేతబడికి ‘మాట’ అనే పేరు వచ్చింది, మనకు ఆడు నుంచి ఆట వచ్చినట్టే; పలికే మాటతో దానికి సంబంధం లేదు. మరాఠీలో ‘కరణీ’, సంస్కృతంలో ‘కృత్య’, ఈ రెండింటి మూలార్థమూ చేయడమే. అంబరీషుని మీదికి దుర్వాసుడు తన జడ నుంచి పుట్టించి పంపినది కృత్యనే. ఇన్ని భాషలూ ఒకే ధాత్వర్థాన్ని పట్టుకున్నాయంటే, కష్టం వచ్చినప్పుడు ‘ఇది జరగలేదు, ఎవరో చేశారు’ అనుకోవడం ఎంత పాత అలవాటో తెలుస్తుంది.

ఇక మంత్రం విషయానికి వస్తే, మా ఊళ్లో తేలు కుట్టినవానికి మంత్రం ‘వేస్తారు’, గిట్టనివానికి మంత్రాలు ‘చేస్తారు’. ఒకే నామవాచకం, క్రియ మారితే ఒకటి వైద్యం, ఒకటి నేరం.

మంత్రం నోటితో పలికేది కాబట్టి, అనుమానించిన మనిషి పళ్లు రాలగొట్టే ఘోరం తెలంగాణ పల్లెలలో ఎన్నోమార్లు జరిగింది. త, ద, న, స పలకాలంటే నాలుక పంటిని గానీ పంటి మొదలును గానీ చేరాలి. ముందు పళ్లు లేనివానికి అక్షరం తప్పుతుందని, అక్షరం తప్పితే మంత్రం పారదని వారి లెక్క. దంత్యాల గురించి మనం వ్యాకరణంలో చదువుకునేదే అక్కడ రాయి పట్టుకున్న చేతికి తర్కమైంది. దీనిని రాయడానికి నాకు చాలా బాధగా ఉంది, కానీ భాషాచర్చలో దాటవేయకూడని సంగతి.

ఆ సోదరి ప్రశ్న కిందనే నారాయణపేట నుంచి ఒక మిత్రుడు ఇలా రాశారు: “మా దగ్గర మాట, బాణామతి రెండూ అంటారండీ. పత్రికలలో ‘చేతబడి చేస్తున్నాడనే అనుమానంతో’ అని ఒకచోట, ‘చేతబడి నెపంతో’ అని ఒకచోట రాస్తారు. రెండూ ఒకటేనా?”

ఒకటి కాదండీ. అనుమానం నిజం కావడానికి కూడా వీలు ఉంటుంది. నెపం అన్నప్పుడు అది సాకేనని రాసినవారు తేల్చి చెప్పినట్టు. నేనైతే నెపమనే రాస్తాను. ‘మంత్రగాడి హత్య’ అనే శీర్షికను ఎన్నడూ ఒప్పుకోను, ఎందుకంటే అది చంపినవారు పెట్టిన పేరును చచ్చినవానికి ఖాయం చేస్తుంది. చట్టం ఈ సూక్ష్మాన్ని గుర్తించిన చోట్లు ఉన్నాయి. బీహారు 1999లో ‘డాయిన్’ అనే మాటను, ఛత్తీస్‌గఢ్ 2005లో ‘టోనహీ’ అనే మాటను (రెండింటికీ అర్థం మంత్రగత్తె అనే) చట్టం పేరులోనే పెట్టుకుని, ఒకరిని ఆ పేరుతో గుర్తించడమే నేరమని శిక్ష విధించాయి. తరువాత మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో చట్టాలు చేశాయి. మన దగ్గర అలాంటి ప్రత్యేక చట్టం లేదు.

పళ్ల సంగతి నేను విని రాసింది కాదు. మా వాడకట్టులో తేలు మంత్రం వేసే పెద్దాయన ఒకరు ఉండేవారు. నా చిన్నతనంలో ఒక ఇంట్లో వరుసగా ఎడ్లు చనిపోతే ఆయన చేసిండని పేరు పెట్టి, ముందు పళ్లు నాలుగు రాలగొట్టారు. కొన్నాళ్లకు మా తమ్మునికి రాత్రిపూట తేలు కుట్టింది. మా నాయనమ్మ వాణ్ని చంకనేసుకుని, నేను కందిలి పట్టుకుని, అలవాటు కొద్దీ ఆయన గడపకే పోయాము. ఆయన లేచి వచ్చి, తమ్ముని కాలు పట్టుకుని చూసి, పెదవులు కదిపి ఆగిపోయాడు. “నాకు నోరు తిరుగుతలేదు బిడ్డా, దవాఖానకు తీస్కపోండ్రి” అన్నాడు.