ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ టీవీకి చేసినవాటిలో ముందు ఏది చూడాలి?

హనుమకొండ_పాఠకుడు:

అందరికీ నమస్కారం. నాకు నటి ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ సినిమాల పిచ్చి పట్టి మూడేళ్లయింది. 'కాసాబ్లాంకా'తో మొదలుపెట్టి 'గ్యాస్‌లైట్', 'నొటోరియస్', 'అనస్తేసియా' చూసుకుంటూ వచ్చి, కిందటి నెల 'ఆటమ్ సొనాటా' దగ్గర ఆగాను. అందులో కూతురు పియానో వాయిస్తుంటే తల్లి ఆమెను చూసే చూపు ఉంది కదా, ఆ తర్వాత రెండు రోజులు ఇంకో సినిమా పెట్టబుద్ధి కాలేదు.

ఆమె టీవీకి చేసినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చని చదివాను. అవి నిజంగా చూడదగినవేనా, లేక పేరు కోసం చేసినవా? నాకు ఆదివారం ఒక్క సాయంత్రమే తీరిక. ఏది చూడమంటారు?

పరిషత్తు_నాటకం:

పేరు కోసం చేసినవి కానే కావు. 1959లో హెన్రీ జేమ్స్ కథ 'ద టర్న్ ఆఫ్ ద స్క్రూ'ను జాన్ ఫ్రాంకెన్‌హైమర్ దర్శకత్వంలో చేశారు. దానికి అమెరికా టీవీ రంగంలో ఇచ్చే ఎమ్మీ పురస్కారం వచ్చింది. 1961లో స్టెఫాన్ జ్వైగ్ కథ ఒకటి. ఆ తర్వాత ఇబ్సెన్ నాటకం 'హెడ్డా గాబ్లర్'.

నా ఓటు హెడ్డాకే. మైకేల్ రెడ్‌గ్రేవ్, రాల్ఫ్ రిచర్డ్‌సన్, ట్రెవర్ హోవర్డ్, వీరి మధ్య బెర్గ్‌మన్. ఇంతమంది ఉద్దండులు ఒకే గదిలో దొరకడం అరుదు. నాలుగంకాల నాటకాన్ని గంటంపావుకు కుదించారు, ఆ లోటు తెలుస్తూనే ఉంటుంది. పోటీ నాటకాలకు గడియారం చూసుకుంటూ సంభాషణలు కోసిన అనుభవం నాకుంది కాబట్టి, ఎక్కడ కత్తెర పడిందో ఇంకా బాగా తెలిసింది. అయినా చూడండి.

ట్రంకుకాల్:

హనుమకొండ గారూ, హెడ్డాను ఇంకో ఆదివారం చూడవచ్చు. ముందు 'ద హ్యూమన్ వాయిస్' చూడండి. గంట లోపే అయిపోతుంది. ఎందుకు చెబుతున్నానో కొంచెం వివరంగా రాస్తాను, ఓపిక పట్టండి.

నేను 1974లో రాజమండ్రిలో ట్రంకు ఆపరేటరుగా, అంటే దూరపు ఊళ్ల ఫోన్లను చేత్తో కలిపే ఉద్యోగంలో, చేరాను. పదహారేళ్లు బోర్డు ముందు కూర్చున్నాను. ఎవరైనా కాల్ బుక్ చేసుకుంటే టికెట్టు మీద నంబర్లు రాసి, లైను దొరికాక బోర్డులో తీగ గుచ్చి రెండు వైపులా కలిపేవాళ్లం. మూడు నిమిషాలు కాగానే "పొడిగించమంటారా?" అని అడగాలి. మధ్యలో లైను ఉందో పోయిందో తెలుసుకోవడానికి కీ వేసి ఒక్క క్షణం వినాలి. ఆ క్షణంలో మాటలు వినపడితే కీ తీసేయడమే. చిక్కల్లా ఏమీ వినపడనప్పుడే. తెగిపోయిన లైనులో ఉండే నిశ్శబ్దం వేరు, మనిషి మాట్లాడలేకపోతున్న నిశ్శబ్దం వేరు. మొదటి దానిలో ఏమీ ఉండదు. రెండవ దానిలో ఒక గది ఉంటుంది. ఫ్యాను చప్పుడు, ఎక్కడో గిన్నె పెట్టిన చప్పుడు, ఊపిరి. కొత్తగా చేరినప్పుడు ఈ తేడా తెలియక "హలో, మాట్లాడండి" అని మధ్యలో దూరి, అవతల ఏడుస్తున్న మనిషిని ఉలిక్కిపడేలా చేశాను. ఆరు నెలలకు తెలిసింది.

ఇప్పుడు ఈ నాటకం సంగతి. ఫ్రెంచి రచయిత ఝాఁ కాక్టో రాసింది, 1930లో పారిస్‌లో మొదటిసారి ఆడారు. బెర్గ్‌మన్ చేసింది 1967లో అమెరికాలో ప్రసారమైంది, దర్శకుడు టెడ్ కాచెఫ్. ఒక గది, ఒక ఫోను, ఒక స్త్రీ, అంతే. ఐదేళ్లు కలిసి ఉన్న మనిషి ఇంకొకరిని పెళ్లి చేసుకోబోతున్నాడు, ఆఖరిసారి ఫోనులో మాట్లాడుతున్నాడు. అతని గొంతు మనకు ఒక్క మాట కూడా వినపడదు. లైను తెగుతుంది, మధ్యలో ఎవరెవరో దూరతారు, ఆమె ఆపరేటరును బతిమాలుకుంటుంది. మొదట తాను బాగానే ఉన్నానని, స్నేహితురాలితో కలిసి భోంచేసి వచ్చానని అబద్ధం చెబుతుంది. నిద్రమాత్రలు మింగిన సంగతి తర్వాత ఎప్పటికో బయటపడుతుంది.

బెర్గ్‌మన్ మాట్లాడడం ఎంత బాగుందో నేను చెప్పనక్కరలేదు. ఆమె వినడం చూడండి. రిసీవరు చెవికి ఆనించుకుని ఉన్నప్పుడు అవతల మనిషి ఉన్నాడని మనం పూర్తిగా నమ్ముతాం. అతను ఏదో అంటాడు, అది ఆమె కళ్లలోకి వస్తుంది, దానికి ఏమని జవాబివ్వాలా అని తడుముకుంటుంది, చివరికి అనుకున్నది కాక వేరే మాట పైకి అంటుంది. చదివిన సంభాషణ గుర్తుతెచ్చుకుని చెప్పే మనిషి ఇలా వినదు. లైను తెగినప్పుడు ఆమె అనే "హలో" కూడా ప్రతిసారీ వేరు. ఒకటి అలవాటుగా, ఒకటి భయంగా, ఒకటి తెగిందని తెలిసి కూడా.

మా అమ్మాయి డల్లాస్ నుంచి సెలవులకు వచ్చినప్పుడు ల్యాప్‌టాప్‌లో పెట్టి చూపించింది. ఇంగ్లీషు నాకు సగమే అందుతుంది. చూస్తున్నంతసేపూ నా కుడిచెయ్యి కీ కోసం బల్ల మీద వెతికిందట, మా అమ్మాయి తర్వాత చెప్పింది.

ఒక్క మాట. స్పీకర్లలో పెట్టకండి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చూడండి. ఆ గదిలో చప్పుళ్లు వినపడాలి.

పరిషత్తు_నాటకం:

ట్రంకుకాల్ గారూ, నా ఓటు మార్చుకుంటున్నాను. ఇదే నాటకాన్ని ఇటాలియన్ దర్శకుడు రోసెల్లీని 1948లో నటి ఆన్నా మన్యానితో సినిమాగా తీశారు. ఆ తర్వాత ఆయన జీవితంలో మన్యాని స్థానంలోకి వచ్చినది బెర్గ్‌మనే. దాదాపు ఇరవై ఏళ్లకు, ఆయనతో పెళ్లి కూడా ముగిసిపోయాక, విడిచిపెట్టబడిన స్త్రీ మాటలను బెర్గ్‌మన్ పలికారు. ఈ సంగతి మనసులో పెట్టుకుని చూస్తే ఆ గది ఇంకా చిన్నదవుతుంది.

మల్లెపందిరి:

'ఎ ఉమన్ కాల్డ్ గోల్డా' పేరు ఎవరూ ఎత్తలేదేం? 1982లో వచ్చింది. ఇజ్రాయెల్ ప్రధాని గోల్డా మేయర్ పాత్ర. ఆమె చిట్టచివరి నటన అదే. మూడు గంటలకు పైగా ఉంటుంది కాబట్టి మీ ఒక్క సాయంత్రానికి పట్టదు, పండుగ సెలవులకు దాచుకోండి.

నేను ఫిజియోథెరపిస్టును. రొమ్ము క్యాన్సరు చికిత్స తర్వాత చెయ్యి వాచిన వారికి కట్లు కట్టడం నా రోజువారీ పని. అప్పటికి బెర్గ్‌మన్ చెయ్యి అలా బాగా వాచిపోయి ఉంది. అలాంటి చెయ్యి రాయి కట్టినట్టు బరువుగా ఉంటుంది, చొక్కా తొడుక్కోవడమే ఒక పని. ఆ చేతితో ఇజ్రాయెల్ వెళ్లి షూటింగ్ పూర్తి చేశారు. ఆ సంగతి తెలిశాక నేను రెండోసారి చూసినప్పుడు ఆమె భుజాన్నే గమనిస్తూ కూర్చున్నాను. మా దగ్గరకు వచ్చే వాళ్లు నొప్పి ఉన్నవైపు భుజం తెలియకుండానే పైకి ఎత్తి పట్టుకుంటారు. ఆమెలో నాకు కనిపించింది గోల్డా నడక ఒక్కటే.

1982 ఆగస్టు 29న, తన 67వ పుట్టినరోజున, లండన్‌లో చనిపోయారు. మరుసటి నెలలో ఆ పాత్రకు ఎమ్మీ వచ్చింది, పెద్దకూతురు పియా వెళ్లి అందుకున్నారు.

హనుమకొండ_పాఠకుడు:

ఆదివారం రాత్రి 'ద హ్యూమన్ వాయిస్' చూశాను. ఇయర్‌ఫోన్లతోనే. అతను ఇంటి నుంచి మాట్లాడడం లేదని ఆమెకు తెలిసిపోతుంది కదా, తెలిసి కూడా తెలియనట్టే మాట్లాడుతుంది. అక్కడ ఆపి, నీళ్లు తాగి వచ్చి, మళ్లీ పెట్టాను. అందరికీ కృతజ్ఞతలు. గోల్డాను సంక్రాంతి సెలవులకు దాచుకుంటాను.

ట్రంకుకాల్ గారూ, అడగవచ్చో లేదో. మీరు ఎప్పుడైనా అలాంటి కాల్ కలిపారా?

ట్రంకుకాల్:

కలిపాను బాబూ. ఎవరు, ఏ ఊరు అన్నది చెప్పను, అది మా ఉద్యోగధర్మం. రాత్రి డ్యూటీ, పదకొండు దాటింది. మూడు నిమిషాలు కావస్తుంటే కీ వేశాను. మాటలు లేవు. గది ఉంది. గోడగడియారం కొట్టుకోవడం స్పష్టంగా వినపడింది. "పొడిగించమంటారా" అని నేను అడిగితే ఇద్దరిలో ఎవరో ఒకరు వద్దనేవారు, అక్కడితో అయిపోయేది. అడగలేదు. కీ తీసేశాను. కాల్ ముగిసిందని బోర్డు మీద దీపం వెలిగే దాకా పదకొండు నిమిషాలు పట్టింది. టికెట్టు మీద మూడే రాశాను.