బాతు ఎడమకాలు కింద మోపడం లేదు: విరిగిందా, బెణికిందా?

పొందూరు_పల్లె
మా పెంపుడు బాతు, ఖాకీ క్యాంప్‌బెల్ ఆడది. ఏడాది వయసు, 2 కిలోలకు కాస్త తక్కువ తూగుతుంది. నిన్న సాయంత్రం చెరువు నుంచి వస్తూ వెనకబడిపోయింది. ఎడమకాలు ఎత్తిపట్టి గెంతుతోంది, నాలుగడుగులేసి కూలబడుతోంది. మోకాలు వాచింది, ముట్టుకుంటే వెచ్చగా ఉంది. రక్తం కనబడలేదు. నూకలు తింటోంది, నీళ్లు తాగుతోంది. ఊళ్లో పెద్దాయన ఒకరు కాలు లాగి సరిచేసి, పసుపు సున్నం పట్టించి వెదురు బద్దలతో కట్టేద్దామంటున్నారు. పశువుల డాక్టరు గారు సోమవారం గానీ దొరకరు. ఈలోగా ఏం చెయ్యమంటారు?

గెడ్డగట్టు
ముందు ఆ కాలు లాగనివ్వకండి. బాతుకు కాలి కింది భాగంలో కండ ఉండదు, చర్మం కిందే ఎముక. అది విరిగి ఉంటే లాగినప్పుడు మొన చర్మాన్ని చీల్చుకుని బయటికొస్తుంది, అప్పుడు చీము పట్టకుండా ఆపడం చాలా కష్టం. పసుపు సున్నం ఆరేకొద్దీ గట్టిపడి బిగుస్తుంది, లోపల వాపు పెరుగుతూ ఉంటుంది, పాదానికి రక్తం ఆడదు. సున్నం చర్మాన్ని కాలుస్తుంది కూడా.

మీరు మోకాలు అంటున్నది, వెనక్కి మడిచినట్టు కనిపించే కీలు అయితే, అది నిజానికి మడమ. అసలు మోకాలు ఈకల్లో పొట్టకు ఆనుకుని ఉంటుంది. డాక్టరు గారికి చెప్పేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోండి.

చూడడానికి ఇద్దరు కావాలి. ఒకరు రెక్కలు ఒంటికి ఆనించి తువ్వాలు చుట్టి, పొట్ట కింద అరచెయ్యి పెట్టి ఎత్తాలి. కాళ్లు పట్టుకుని ఎప్పుడూ లేపకండి. రొమ్ము గట్టిగా నొక్కకండి, పక్షి రొమ్ము ఎముక కదిలితేనే ఊపిరి ఆడుతుంది. రెండోవారు ముందు బాగున్న కాలిని వేళ్ల నుంచి పైకి తడిమి, తర్వాత దెబ్బ తగిలిన కాలిని అలాగే తడమాలి. రెండు కీళ్ల మధ్య కాలు వంగినా, వేలికి కరకరమని తగిలినా విరిగినట్టే. కరకర వినడం కోసం పదేపదే కదపకండి. కీలు మాత్రమే వాచి, కాలు తిన్నగా ఉండి, వేళ్లు ముడుస్తూ చాపుతూ ఉంటే బెణుకు అయ్యే అవకాశమే ఎక్కువ.

మడమ వెనక మధ్యలో తాడులాంటి నరం (కండను ఎముకకు పట్టి ఉంచే స్నాయువు) తగలాలి. అది పక్కకు జారి, వెనకభాగం చదునుగా తగిలితే సోమవారం దాకా ఆగకండి, గంటలు గడిచేకొద్దీ దాన్ని వెనక్కి నెట్టడం కష్టమవుతుంది. ఇంకో రెండు చోట్లు చూడండి. చెరువులో వలలు వేస్తారు కాబట్టి వేళ్ల దగ్గర, మడమ చుట్టూ నైలాను దారం చుట్టుకుందేమో. వాపులో దిగిపోతే కంటికి కనబడదు. పాదం అడుగున నల్లటి పెచ్చు, దాని చుట్టూ గట్టి ఉబ్బు ఉంటే అది దెబ్బ కాదు, అరికాలి పుండు.

ఊక_పడక
కట్టు కంటే ముందు కావలసింది కదలకుండా ఉంచడం. రెండడుగులు వెడల్పు, మూడడుగులు పొడవు ఉన్న బుట్టో, అట్టపెట్టో చాలు. నున్నటి గచ్చు, న్యూస్‌పేపరు వద్దు, బాగున్న కాలు కూడా జారిపోతుంది. అడుగున గోనెసంచి, దానిమీద 3 అంగుళాల మందాన ఎండుగడ్డి. బాతు రెట్ట నీళ్లలా ఉంటుంది కాబట్టి రోజుకు రెండుసార్లు మార్చాలి. తడి పడక మీద గంటలకొద్దీ కూర్చుంటే రొమ్ము ఎముక మీద పుండు పడుతుంది, కాలు నయమైనా అది మిగులుతుంది.

నీళ్ల పాత్ర బరువైనది పెట్టండి. ముక్కు రంధ్రాలు మునిగేంత లోతు కావాలి. లేకపోతే ముక్కులో మేత గట్టిపడుతుంది. మేత మెడ చాచితే అందేంత దగ్గరలో ఉండాలి. ఉత్త నూకలు ఇప్పుడు చాలవు. లేయరు దాణా (గుడ్లు పెట్టే కోళ్ల మేత), ఉడికించిన గుడ్డు కొంచెం కలపండి. గుడ్లు పెడుతుంటే ఆల్చిప్పల పొడి వేరే గిన్నెలో పెట్టండి, కావలసినంత అదే తింటుంది. మిగతా బాతులు కనిపించేలా, వినిపించేలా ఉంచండి, ఒంటరిదైతే మేత మానేస్తుంది.

నీటి_వైద్యం
బెణుకైతే నీళ్లలో వదలడమే మంచిది కదా, ఒంటి బరువు కాలి మీద పడదు.

గెడ్డగట్టు
చెరువులో కాదండీ. నిలబడే బరువు తగ్గుతుంది, నిజమే. కానీ ఈదేటప్పుడు పాదం తెడ్డులా నీటిని నెడుతుంది, ఆ ఊపు అంతా మడమ మీదే పడుతుంది. మొదటి రెండు రోజులు అసలు వద్దు. ఆ సమయంలో చల్లటి నీళ్లలో పిండిన గుడ్డ కీలుకు చుట్టి 5 నుంచి 10 నిమిషాలు, రోజుకు రెండు మూడుసార్లు చాలు. ఐసు నేరుగా పెట్టకండి. మూడో రోజు నుంచి, విరగలేదని తేలాక, గోరువెచ్చని నీళ్ల తొట్టిలో పొట్ట కింద చెయ్యి పెట్టి 10 నిమిషాలు తేలనివ్వండి. తర్వాత తుడిచి, గాలి తగలని చోట ఆరబెట్టాలి. గాయం ఉంటే చెరువు నీరు అసలే పనికిరాదు.

పొందూరు_పల్లె
చూశాం. కాలు తిన్నగానే ఉంది, వేళ్లు కదులుస్తోంది, కరకర లేదు, నరం మధ్యలోనే ఉంది. మడమ పైన నైలాను దారం రెండు చుట్లు, చర్మంలోకి దిగింది. ఎలా తియ్యాలి? నొప్పికి పిల్లల పారాసిటమాల్ చుక్కలు వెయ్యొచ్చా?

ఊక_పడక
లాగకండి, తెగిన చర్మంతో పాటు వస్తుంది. అర లీటరు మరిగించి చల్లార్చిన నీళ్లలో ముప్పావు చెంచా ఉప్పు కలిపి, గుడ్డతో 10 నిమిషాలు నానబెట్టండి. మొన గుండ్రంగా ఉన్న చిన్న కత్తెర దారం కింద దూర్చి, ముడికి ఎదురువైపు కత్తిరించండి. దారం మొత్తం వచ్చిందో లేదో చూడండి, ముక్క మిగిలితే చీము పడుతుంది. మొన లోపలికి వెళ్లకపోతే వదిలేసి డాక్టరు గారి దగ్గరకే పట్టుకెళ్లండి. తీశాక అదే ఉప్పునీటితో కడిగి, గాయాలకు రాసే పోవిడోన్ అయోడిన్‌ను పలచటి టీ రంగు వచ్చేదాకా నీళ్లు కలిపి అద్దండి. వేళ్ల మధ్య తోలు చల్లబడినా, నల్లబడినా ఆలస్యం చేయకుండా బయలుదేరాలి.

పారాసిటమాల్, డైక్లోఫెనాక్ ఏదీ మీరు వెయ్యకండి. డైక్లోఫెనాక్ పక్షుల మూత్రపిండాలను పాడుచేస్తుంది, రాబందులు చచ్చిపోయినది దానివల్లే. నొప్పికి డాక్టర్లు మామూలుగా మెలాక్సికామ్ అనే మందు రాస్తారు. మోతాదు బరువును బట్టి ఉంటుంది, అందుకని ఇవాళే తూచి రాసుకోండి. రోజూ అదే వేళకు తూయండి. 200 గ్రాములు తగ్గితే మేత సరిపోవడం లేదని అర్థం. మందులు వాడినన్ని రోజులు, ఆపాక ఎన్నాళ్లు గుడ్లు తినకూడదో కూడా అడగండి.

గెడ్డగట్టు
సంచార పశువైద్య వాహనానికి 1962కి ఫోన్ చేసి చూడండి. ఎక్స్‌రే అవసరమైతే చీపురుపల్లి దగ్గర గరివిడి పశువైద్య కళాశాలలో అడగండి. తీసుకెళ్లేటప్పుడు గాలి రంధ్రాలున్న పెట్టెలో గడ్డి వేసి, ఎండెక్కకముందే బయలుదేరండి.